నోరు మూయని రేడియో

ఎటు తిప్పినా నోరు మూయని రేడియో ప్రసారాన్ని కనిపెట్టినందుకు మాకు ఢిల్లీ పెద్దలు శాలువాలు కప్పారు. నా శాలువా ఇప్పటికీ పెట్టెలోనే మూలుగుతోంది. చలికాలంలో కప్పుకుందామని తీస్తాను, మళ్ళీ పెట్టేస్తాను.

నా పేరు మైలపల్లి నూకరాజు. సముద్రపు ఒడ్డున కొండమీది రేడియో పరిశోధనశాలలో సాంకేతిక సహాయకుణ్ణి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు, తీగలు అతికేదీ నేనే, మీటర్లు చూసి రాసేదీ నేనే, టీ ఫ్లాస్కు మోసేదీ నేనే. కొండకింద గెడ్డపేట మా ఊరు. నాలుగొందల గడప, అందరిదీ చేపల వేటే. ఆ ఊళ్ళోంచి కొండెక్కి ఉద్యోగం చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గీర నాకు బాగానే ఉండేది, లేదంటే కళ్ళు పోతాయి.

ఇది సెల్‌ఫోన్ అన్న మాట పుట్టని రోజుల సంగతి. మా నావల్లో దిక్సూచులు కూడా ఉండేవి కావు. పగలు కొండ చూసుకొని, రాత్రి చుక్క చూసుకొని ఒడ్డుకొచ్చేవారు. మబ్బో మంచో కమ్మి ఆ రెండూ పోయాయా, ఇక ట్రాన్సిస్టరే దిక్కు. దిక్కు అంటే మాటవరసకి అనడం లేదు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా బావ సూరాడ ఎల్లాజీ నన్ను నావ ఎక్కించుకొని ఆ విద్య నేర్పాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన రేడియోని అరచేతిలో వెల్లకిలా పెట్టి మెల్లగా తిప్పాడు. అందులో ఎవరో హరికథ చెబుతున్నారు. తిప్పుతుంటే తిప్పుతుంటే ఒకచోట ఆ గొంతు సన్నబడి, సన్నబడి, పూర్తిగా ఆగిపోయింది. ఇంకొంచెం తిప్పగానే మళ్ళీ మామూలే.

"సూసావా, నోరు మూసింది. ఇప్పుడు దీని కొస ఎటుందో అటే మన కొండ. కొండమీద టేసనుంది గదా, దానికి ఎదురుగా కొస పెడితే దీనికి ఇనపడదు. అంతే ఇద్దె."

"రెండు కొసలున్నాయి గదా బావా?"

"రెండోది సముద్రంలోకి. అటెల్తే బర్మా పోతావు. నీకు ఇల్లు గావాలా, బర్మా గావాలా?" అని నవ్వాడు. "కంగారు పడకు. కొంతసేపు నడిపి సూడు. గొంతు పెరిగితే ఇంటికెల్తన్నట్టు, తగ్గితే బర్మాకెల్తన్నట్టు."

పెట్టెలోపల తీగ చుట్టిన నల్లటి కడ్డీ ఒకటి ఉంటుందనీ, అల దానికి అడ్డంగా వస్తేనే అందుతుందనీ, కొసవైపు నుంచి వస్తే అందదనీ నేను తర్వాత చదువుకున్నాను. బావ ఏమీ చదవలేదు. కానీ ఆ నోరు మూసిన దిక్కున నావని తిన్నగా గెడ్డపేట ఇసకలో దించేవాడు. మా అప్ప కొర్లమ్మ మొగుడాయన. అప్ప అంటే మాకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది వాళ్ళిద్దరే.

మా పరిశోధనశాలకి పెద్ద డాక్టర్ సర్వమంగళగారు. గోదావరి లంకల్లో పుట్టిన మనిషి. యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. కొత్తగా ఎవరు పనిలో చేరినా మొదటి రోజు సాయంత్రం ఆరింటికి ఎదురుగా కూర్చోబెట్టి, బల్లమీద రేడియో పెట్టి వార్తలు వినమనేవారు. నన్నూ కూర్చోబెట్టారు. ఎండ ఉన్నంతసేపూ వార్తలు బాగానే వచ్చాయి. పొద్దు వాలిందో లేదో, అడుగున ఇంకేదో భాష మొదలైంది. కాసేపటికి రెండూ కలిసి సన్నటి కూత. ఈల వేసినట్టు, చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టు. మా స్టేషను ఏ అంకె మీద పలుకుతుందో, సముద్రానికి అవతల ఇంకో దేశంలో ఇంకో స్టేషను కూడా ఇంచుమించు ఆ అంకె మీదే పలుకుతుంది. పగలు దాని గొంతు ఇక్కడిదాకా రాదు. పొద్దు గూకితే ఆకాశం పైపొర అద్దంలా పనిచేసి దాన్ని తెచ్చి మన నెత్తిన పడేస్తుంది.

"ఏం విన్నావోయ్?" అన్నారు మేడంగారు.

"కూతండి."

"నేనూ అదే విన్నాను. నా తొమ్మిదో ఏట తుపానొచ్చిన రోజు సాయంత్రం మా నాన్నగారు రేడియో పెట్టారు. వాళ్ళు చెబుతూనే ఉన్నారు, ఉప్పెన వస్తోంది, లంకలు ఖాళీ చెయ్యండి అని. మాకు మాత్రం కూత. నాన్నగారు దాని వీపుమీద కొట్టారు, తీగ పీకి మళ్ళీ తగిలించారు. తెల్లారేసరికి అమ్మా లేదు, ఇద్దరు తమ్ముళ్ళూ లేరు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, వెళ్ళి ఆ రెండో గదిలో తీగలు సర్దు."

ఆ మాట ఆవిడ నాతో మళ్ళీ ఎప్పుడూ అనలేదు. పదకొండేళ్ళు ఆ కూతని చంపడానికే బతికారు.

చివరికి చంపారు. ఒక పెద్ద స్టేషను బదులు కోస్తా పొడుగునా ముప్పై ఒక్క చిన్న స్టేషన్లు పెట్టాం. అన్నీ ఒకే అంకె మీద, ఒకే మాట. మామూలుగా అయితే అవి ఒకదాన్నొకటి కరుచుకొని చావాలి. అక్కడే ఆవిడ బుర్ర. ప్రతి స్టేషనూ నిమిషం నిమిషం ఆకాశాన్ని తడిమి చూస్తుంది, పక్క స్టేషన్లతో సర్దుకుంటుంది, అవతలి దేశం నుంచి పడే అలకి సరిగ్గా ఎదురు అల వేసి చెరిపేస్తుంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ అల ఒక దిక్కునుంచి రాదు. గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది, అన్ని వైపులనుంచీ సమంగా తాకుతుంది. ఇంట్లో రేడియో గోడకి తగిలించినా, గూట్లో పెట్టినా, తలకిందులు చేసినా ఒకటే గొంతు. మేడంగారు దానికి సంస్కృతంలో ఏదో పేరు పెట్టారు. మేమంతా వల అనేవాళ్ళం.

పరీక్ష చేసింది నేనే. జీపులో రేడియో పెట్టుకొని ఒడ్డు వెంబడి మూడొందల మైళ్ళు తిరిగాను. ఊరికో చోట దిగి, రేడియోని అరచేతిలో పెట్టుకొని చుట్టూ తిప్పి చూడడం, రాయడం. ఎక్కడా గొంతు తగ్గలేదు. ఆ కాయితం ఇప్పటికీ ఫైల్లో ఉంది: "రిసీవరును ఏ దిశకు తిప్పినను శబ్దము తగ్గలేదు. ఫలితము సంపూర్ణముగా సంతృప్తికరము." కింద నా సంతకం. పన్నెండో ఏట బావ పక్కన కూర్చొని తిప్పినట్టే తిప్పాను, ఆ చేతులతోనే తిప్పాను. నా బుర్రకి తట్టలేదు. కొండెక్కిన తర్వాత నాకు రేడియో అంటే మీటర్లో ముల్లు, అంతే. ఆ సాయంత్రం అందరం మిఠాయి తిన్నాం, నేను నాలుగు ఎక్కువే తిన్నాను.

ఆ భాద్రపదంలో వల పూర్తిగా మొదలైంది. పొద్దు గూకాక కూత లేని వార్తలు విని లంకల్లో ముసలివాళ్ళు ఏడ్చారని పేపర్లో పడింది. శాలువాలూ అప్పుడే.

ఒక ఆదివారం అప్ప ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. అప్ప నెత్తళ్ళని సన్న చేపలు వేయించింది. బావ ముద్ద కలుపుతూ అన్నాడు:

"ఓరి బామ్మర్దీ, మీ రేడియో ఈ మద్దిన బలే కులాసాగుందిరా. ఎటు తిప్పినా ఒకేలాగ పాడతంది."

"అదే బావా మా గొప్ప. దానికే గదా శాలువాలిచ్చారు."

బావ చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూశాడు. ఏదో అడగబోయాడు.

"ఆడు సదువుకున్నోడు, ఆడికి నువ్వేటి సెప్తావు, తిను" అంది అప్ప.

"నిజిమే. అంత పెద్దోల్లు శాలువాలిచ్చేరంటే మనకోసం ఇంకేదో దారి పెట్టే ఉంటారు" అని మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టాడు.

ఇంకేదో దారి! ఆ మాట నా చెవిన పడింది. నాలుగు నెత్తళ్ళు నమిలి మింగినంత తేలిగ్గా మింగేశాను. అప్పటికింకా ఆకాశం నిర్మలంగా ఉంది, కొండ కనబడుతోంది, చుక్కలు కనబడుతున్నాయి. రేడియో అవసరం ఎవరికీ పడలేదు.

కార్తీక పున్నమి వెళ్ళిన నాలుగో రోజున తుపాను పట్టింది. తెల్లవారకముందే మా వల హెచ్చరిక మొదలుపెట్టింది. ఉప్పెన ఆ సాయంత్రం పొద్దు గూకే వేళకి లంకల మీద పడుతుందని లెక్క. సరిగ్గా కూత వచ్చే వేళకి. మేడంగారు ముందురోజు నుంచీ కుర్చీలోంచి లేవలేదు. "ఇవాళ్టి కోసమే నూకరాజూ ఇదంతా" అన్నారొకసారి, అంతే. ముప్పై ఒక్క మీటర్లలో ముళ్ళు బొమ్మల్లా నిలబడి ఉన్నాయి. కలాసీలు, పంతుళ్ళు, పోలీసులు లంకల్లో ఇళ్ళు ఖాళీ చేయిస్తున్నారు. రేడియో ఏ ఊరివాళ్ళు ఎటు పోవాలో పేరు పేరునా చెబుతోంది.

పదింటికి గేటు దగ్గర గొడవ. పగలే, అయినా వాన తెరలో పదడుగుల అవతల మనిషి ఆనడం లేదు. కాపలావాడు అడ్డుపడుతుంటే వాణ్ణి తోసుకొని మా అప్ప లోపలికొచ్చింది. తడిసి ముద్దైన చీర, కాళ్ళకి చెప్పుల్లేవు, మోకాలు కొట్టుకుపోయి రక్తం.

"తమ్ముడా, ఆ రేడియో నోరు ఒక్కపాలి మూయించరా."

"ఏటప్పా, ఏటైంది?"

"రేతిరి ఏటకి ఎనిమిది నావలెల్తే ఏడొచ్చీసినాయి. మీ బావది రాలేదు. ఎనకొచ్చినోల్లు సూసేరట. ఆడు మరీ లోపలికెల్లిపోనాడు. రేడియో సేత్తో పట్టుకొని తిప్పుతన్నాడట, తిప్పుతన్నాడట, ఇది నోరు మూయట్లేదురా అని కేకలేసేడట. ఈల్లకి కొండ ఆనింది గాబట్టి ఒచ్చీసేరు. ఆడికి ఆనలేదు. అంతలోకి వాన కమ్మీసింది." నా చొక్కా పట్టుకుంది. "నలుగురురా అందులో. దాలయ్యా, ఎదురింటి అన్నదమ్ములిద్దరూ, మీ బావ. నువ్వు పెద్ద ఇంజినీరువి గదా. ఒక్కపాలి మూయించు. ఆడు దిక్కట్టుకొని ఒచ్చీస్తాడు."

జీపు పరీక్షా, నా సంతకమూ, ముద్ద దగ్గర ఆగిన బావ చెయ్యీ అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఓరి నా బుద్ధి తగలెయ్యా! అనుకున్నాను. పైకే అన్నానేమో కూడా.

అప్పని పట్టుకొని మేడంగారి గదిలోకి వెళ్ళాను. చెప్పాను. నావలో రేడియో తిప్పే సంగతి, నోరు మూయడం, కొండ, అంతా చెప్పాను. ఆవిడ మొదట అర్థం కానట్టు చూశారు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసండి. పన్నెండో ఏటినుంచీ తెలుసండి."

"మరి పదకొండేళ్ళు ఈ గదిలో ఉండి ఎందుకు చెప్పలేదయ్యా?"

"తట్టలేదండి."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చెంపమీద కొట్టినా ఊరుకునేవాణ్ణి.

"మన కొండమీది స్టేషన్ని ఒక్కదాన్నే గట్టిగా పలికిద్దాం. మిగతావాటిని మించితే దీని దిక్కు తెలుస్తుందేమో" అన్నారు. ఇద్దరం పరిగెత్తాం. చక్రం పట్టుకొని తిప్పాను. కొండమీది ముల్లు పైకి లేచింది. బల్లమీది రేడియోని చేతిలోకి తీసుకొని తిప్పాను. గొంతు కొంచెం, ఇంత కొంచెం సన్నబడింది. "అప్పా, మూస్తంది!" అని అరిచాను. ఆ అరుపు పూర్తి కాకుండానే మిగతా ముప్పై ముళ్ళూ కదిలాయి. ఒక స్టేషను తేడాగా పలికితే మిగతావన్నీ సర్దుకొని దాన్ని మళ్ళీ కలుపుకోవాలి. అలా చెయ్యమనే కదా వాటికి నేర్పాం. గొంతు మళ్ళీ సమమైపోయింది. నాలుగుసార్లు తిప్పాను. నాలుగుసార్లూ అంతే.

ఇక మిగిలింది పెద్ద మీట. అది దించితే ముప్పై స్టేషన్లూ ఆగిపోయి మా కొండ ఒక్కటే పలుకుతుంది. బావ చేతిలో రేడియో నోరు మూస్తుంది.

"పది నిమిషాలు దించి మళ్ళీ ఎత్తేద్దామండి" అన్నాను.

"ఎత్తితే మళ్ళీ కలవడానికి మామూలు రోజునే తొమ్మిది గంటలు పడుతుంది. నీకు తెలియదా? ఇవాళ ఈ ఆకాశంలో అసలు కలవవు." గోడ గడియారం చూశారు. "లంకల్లో ఇంకా లక్ష మంది పైన ఉన్నారు. ఒక్కొక్క ఊరినీ రేడియో చెబితే కదిలిస్తున్నారు. ఇప్పుడు మన కొండమీదిదీ చిన్న స్టేషనే, దాని గొంతు అక్కడిదాకా పోదు. పొద్దు గూకితే కూత."

పైవాళ్ళకి ఫోను చేశారు. ఎవరో పెద్ద ఉద్యోగి. నలుగురు మనుషులండి, అని ఈవిడ అంటున్నారు. అవతలివాడు ఏమన్నాడో గాని రిసీవరు పెట్టేసి నాకేసి తిరిగారు.

"వల తెంపడానికి వీల్లేదన్నారు. వాళ్ళు అనకపోయినా నేను ఆ మీట ముట్టుకోలేను నూకరాజూ. నా వల్ల కాదు. నువ్వు ముట్టుకుంటే ఆపలేను కూడా. ఆపడానికి నాకు మొహం లేదు." కుర్చీ కిటికీ వైపు తిప్పుకొని కూర్చున్నారు.

ఇదంతా అప్పకి సగమే అర్థమైంది. మీట ఏదో అర్థమైంది.

"అదేనా? దించేయిరా."

వెళ్ళి దానిమీద చెయ్యి వేశాను. ఇనప మీట, చల్లగా ఉంది. పక్కనే రేడియో ఊళ్ళ పేర్లు చదువుతోంది. పెదలంకవారు బడిమేడ దగ్గరికి, రేవులంకవారు పడవల రేవుకి, చిన్నపిల్లలున్నవాళ్ళు ముందు. చదివే ఆయనకి గొంతు రాసిపోయింది, మధ్యమధ్య దగ్గుతున్నాడు. నేను లెక్కపెట్టాను, పదిహేడు ఊళ్ళు చదివాడు. అవి అయ్యాక మళ్ళీ మొదటినుంచి.

చెయ్యి తీసేశాను. మంచివాణ్ణయి తీశానో పిరికివాణ్ణయి తీశానో నాకు ఈనాటికీ తెలీదు. ఎవరైనా తెలుసునని చెబితే వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడతాను.

అప్ప నన్ను కొట్టింది. చెంపలమీద, నెత్తిమీద, చేతికందిన చోటల్లా. "నిన్ను ఎత్తుకొని పెంచినాడురా ఆడు. నీకు జొరమొస్తే ఏట మానీసి కూకున్నాడు. నీ సదువు మండిపోను. మీటొక్కటి దించలేవా!" అని ఏడ్చింది. మేడంగారు వెనక్కి తిరగలేదు. అప్ప తనే మీటమీదికి వెళ్ళబోతే రెండు చేతులూ పట్టుకొని ఆపాను. అవును, నేనే ఆపాను. అది కూడా రాసుకోండి.

చాలాసేపటికి ఓపిక అయిపోయి నేలమీద కూలబడింది.

"అయితే నన్ను మాటాడనీ. ఆడు రేడియో ఇంతన్నాడు గదా. నా మాటయినా ఇంటాడు."

మేడంగారు తలూపారు. ఊళ్ళ పేర్లు చదివే ఆయన ఊపిరి తీసుకునేప్పుడు మధ్యలో రెండేసి నిమిషాలు ఖాళీ వస్తోంది. అప్పని మైకు ముందు కూర్చోబెట్టాను.

"మావా, నాను కొర్లిని. ఇనపడతందా? కొండమీదున్నాను. తమ్ముడి కాడున్నాను. ఇటొచ్చీ మావా. బయపడకు. ఇటే ఇటే. నాను మాటాడతానే ఉంటాను, నువ్వు నా గొంతట్టుకొని ఒచ్చీ."

మూడొందల మైళ్ళ కోస్తా అంతా విన్నది ఆ గొంతు. కూత లేదు, గరగర లేదు, పక్కన కూర్చుని చెప్పినంత తేటగా ఉంది. అంత మంచి ప్రసారం దేశంలో అంతవరకూ జరగలేదు. ఆ మాట తర్వాత ఒక పెద్ద పుస్తకంలో కూడా వేశారు. నా గొంతట్టుకొని రా అని ఆవిడ అంటుంటే, ఆ గొంతుకి దిక్కు లేదే అని నేను చెప్పలేకపోయాను. ఖాళీ దొరికిన ప్రతిసారీ మాట్లాడింది. ఇటొచ్చీ మావా, ఇటే. సాయంత్రం దాకా అంతే.

పొద్దు గూకింది. కూత రాలేదు. ఉప్పెన వచ్చింది, లంకల్లో ఇళ్ళన్నీ కొట్టుకుపోయాయి, ఒక్క ప్రాణం పోలేదు. ఒక్కటంటే ఒక్కటి. రెండు లక్షల మందిని కాపాడిన వల అని పేపర్లన్నీ మోత మోగించాయి. నేనా పేపర్లు చదివాను. సంతోషం కలగలేదని ఎలా అనను? కలిగింది. దానికి సిగ్గు కూడా కలిగింది.

నాలుగో రోజున దాలయ్య దొరికాడు. ఎనభై మైళ్ళు దక్షిణాన, నావ చెక్క ఒకటి పట్టుకొని తేలుతుంటే ఎవరో ఒడ్డుకి లాగారు. మిగతా ముగ్గురూ లేరు, శవాలూ దొరకలేదు. నేనొక్కణ్ణే ఆసుపత్రికి వెళ్ళాను. ఉప్పునీటికి పెదాలు పగిలిపోయి, కళ్ళు పుండ్లలా ఉన్నాడు.

"ఇనపడిందా దాలయ్యా?" అన్నాను.

"ఇనపడకేటి బాబూ. ఇంట్లో కూకున్నట్టినపడింది." "ఎల్లాజీ రేడియో సుట్టూ తిప్పుతానే ఉన్నాడు. ఎటు తిప్పినా కొర్లమ్మే. ఇటొచ్చీ ఇటొచ్చీ అంటాది. ఎటని ఎల్తాం? ఇటు కొంతసేపు తోలేం, గొంతు పెరగలేదు. అటు కొంతసేపు తోలేం, తగ్గలేదు. ఆకరికి ఆడు రేడియోని రెండు సేతుల్తో పట్టుకొని ఏడిసీసినాడు బాబూ. ఒక్క నిమసం ఊరుకోయే కొర్లీ, ఒక్క నిమసం నోరు ముయ్యే, దిక్కు సూసుకుంటాను, అని బతిమాలినాడు. ఆవిడ ఊరుకుంటే ఊళ్ళ పేర్లు మొదలెట్టేవోరు. ఆల్లాపితే ఈవిడ. అల్లాగే మునిగిపోనాం."

వచ్చేముందు వాడి కాళ్ళు పట్టుకొని, ఈ మాట మా అప్పతో అనొద్దని వేడుకున్నాను. "నాకు మాత్తరం నోరొస్తాదా" అన్నాడు.

అప్ప గుమ్మంలోనే కూర్చొని ఉంది. గాజులు తియ్యలేదు, బొట్టు తియ్యలేదు. పెద్దవాళ్ళు ఎంత చెప్పినా, శవం చూపించండి అప్పుడు తీస్తాను అంటోంది.

"దాలయ్యేటన్నాడు? ఆడు నా మాట ఇన్నాడా?"

"ఇన్నాడప్పా."

"ఇని ఏటన్నాడు?"

ఎదురుగా నిలబడి ఆ కళ్ళలోకి చూస్తూ ఏం చెప్పమంటారు? మీరైతే ఏం చెబుతారు?

"నీ మాట ఇని దైర్యం తెచ్చుకున్నాడట. కొర్లి మాటాడతన్నంతసేపూ నాకేటీ అవదు అన్నాడట" అన్నాను.

అప్ప మొహం విప్పారింది. ఎన్ని రోజుల తర్వాతో గబగబా లేచి నాకు అన్నం పెట్టింది. ఒక్క అబద్ధంతో ఒక మనిషి బతికిందనుకున్నాను. నా తెలివి అంతవరకే.

మేడంగారు ఆ నెలలోనే మా ఊరి నావలన్నిటికీ దిక్సూచులు తెప్పించి ఇచ్చారు. ఎలా వాడాలో తనే ఒడ్డున నిలబడి నేర్పారు. ఆ తర్వాత సెలవు పెట్టి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. వల మాత్రం పలుకుతూనే ఉంది. ఇప్పుడు దాన్ని తెంపమనేవాడు ఎవడూ లేడు, తెంపాల్సిన పనీ లేదు.

నేను ఆ అబద్ధం చెప్పిన పదో రోజున అప్ప కొండెక్కి వచ్చింది. తలదువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని వచ్చింది.

"ఏటప్పా?"

"మైకు కాడ కూకోబెట్టు. నాను మాటాడతన్నంతసేపూ ఆడికేటీ అవదన్నావు గదా. ఇన్నాల్లు మాటాడకుండా ఉండిపోనాను, ఆడెంత బయపడిపోతన్నాడో."

ఆ రోజు కాళ్ళావేళ్ళా పడి పంపించేశాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వానొచ్చినా, జ్వరమొచ్చినా సరే. కొత్తగా వచ్చిన పెద్దాయన చూసి, గేటులోకి రానివ్వొద్దని ఆర్డరు వేశాడు. ఆ రోజు ఆవిడ గేటు ఊచలు పట్టుకొని పొద్దు గూకేదాకా అరిచింది. మావా, నన్ను ఈల్లు మాటాడనివ్వట్లేదు, అని. ఆ అరుపు మా మైకుల్లో పడుతోందని పెద్దాయనే దిగొచ్చి, పాత గదిలో ఎక్కడన్నా కూర్చోబెట్టుకో పో అన్నాడు.

నిజం చెప్పేద్దామని నోటిదాకా వస్తుంది. బావ నిన్ను ఊరుకోమన్నాడే అప్పా, చివరి మాట అదే, అని చెబితే ఈ కొండెక్కడం ఆగుతుంది. కానీ ఆ మాట విన్న మర్నాడు అప్ప ఉంటుందా?

అందుకని రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకి పాత గది తలుపు తీస్తాను. బల్లమీద దుమ్ము తుడిచి, మైకు ఆవిడ ముందుకి జరుపుతాను. అప్ప పమిట సర్దుకొని మొదలుపెడుతుంది. నిన్న పడిన చేపలు, పక్కింటి కోడలి కాన్పు, ఇంటి కప్పు కారడం. చివర్న ఎప్పుడూ, ఇటే మావా, ఇటొచ్చీ.

అది అయ్యాక నా వైపు తిరుగుతుంది.

"ఇనపడతాదా తమ్ముడా ఆడికి?"

"తేటగా ఇనపడతాదప్పా" అంటాను. మైకులోంచి ఊడదీసిన తీగని వీపు వెనక చేత్తో పట్టుకొని, అలాగే నిలబడి ఉంటాను.